మూతపడని సొరుగు

"ఎముకని ఇక్కడ కోసి, ఇంత వెనక్కి జరిపి, స్క్రూలు బిగిస్తాం," అన్నాడు డాక్టరు, ప్లాస్టర్‌తో చేసిన దవడ నమూనాని చేతిలో తిప్పుతూ.

మరొకరికైతే సగమే అర్థమయ్యేది. వడ్రంగికి అవసరమైనదానికంటే ఎక్కువే అర్థమైంది. ముప్పై ఏళ్లుగా అతను చేస్తున్నది కోయడం, జరపడం, బిగించడమే. మీ రంపం ఏ పాటిదని అడగబోయి, పక్కనున్న భార్య ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

ఆమె నిబ్బరంగానే ఉంది. "నమిలి తినడానికి ఎన్నాళ్లు పడుతుంది డాక్టరుగారూ?" అని అడిగింది. జవాబుని నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆమె కింది దవడ కాస్త ముందుకి ఉంటుంది. పెళ్లయిన కొత్తలోనే వడ్రంగి దానికి పేరు పెట్టాడు. సొరుగు. సగం లాగి మూయడం మరిచిపోయిన సొరుగులా ఉందట. తలుపు వెంట్రుకవాసి వంకరగా ఉన్నా పట్టేసే కళ్లు మరి అతనివి. "సొరుగు మూయవే, ఈగలు దూరతాయి," అనేవాడు భోజనాల దగ్గర. ఆమె పకపకా నవ్వేది. కూతురు మాత్రం నవ్వేది కాదు. గబగబా తినేసి లేచిపోయేది. అమ్మ పక్షం కదా అని సరిపెట్టుకునేవాడు.

ఇరవై ఏళ్లు నడిచింది ఆ వేళాకోళం.

రెండేళ్ల కిందట కూతురికి పన్ను నొప్పంటే తల్లీకూతుళ్లిద్దరూ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. కూతురు వస్తూనే గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ సాయంత్రం భార్య అతని దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమండీ, నేను దవడ ఆపరేషన్ చేయించుకుంటాను."

"ఇప్పుడెందుకే? నలభై దాటాక?"

"చేయించుకుంటాను," అంది. అంతే.

ముందు రోజే నలుగురు చుట్టాల మధ్య సొరుగు మాట అని అందర్నీ నవ్వించాడు. అది గుర్తొచ్చింది వడ్రంగికి. తన నోటి దురుసే ఆమెని కత్తి కిందికి పంపుతోంది. అప్పట్నుంచి ఇంట్లో ఆ మాట ఎత్తితే ఒట్టు. షాపులో పనివాళ్ల దగ్గర కూడా సొరుగుని డ్రాయరు అనడం మొదలుపెట్టాడు. వాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

ముందు పళ్ల వరస సర్దాలని ఏడాదిన్నర ఆమె పళ్లకి తీగలు కట్టుకుని తిరిగింది. ఆపరేషన్‌కి ముందు వారం వడ్రంగి చెల్లెలు చూడ్డానికొచ్చింది.

"ఈ వయసులో ఈ సోకులేంటి వదినా?"

"సోకు కాదు, నా పాపం," అన్నాడు వడ్రంగి, ఎవరూ అడక్కుండానే. భార్య అతనికేసి వింతగా చూసింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఆమె ముఖం గుమ్మడికాయంత వాచింది. పై పళ్లకీ కింది పళ్లకీ కలిపి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇక మాటల్లేవు, సైగలే.

వడ్రంగి షాపు మూసేశాడు. సూప్ కాచి, వడగట్టి, సిరంజిలోకి ఎక్కించి, చెంప పక్కనుంచి చుక్కచుక్కగా పోసేవాడు. గడ్డం మీద కారితే మెత్తటి గుడ్డతో అద్దేవాడు. ఆ గడ్డం ఇప్పుడు చక్కగా లోపలికి కూర్చుంది. దాన్ని చూసినప్పుడల్లా అతనికి ఏడుపొచ్చేది.

అతను సిరంజి చేతికి తీసుకోగానే ఆమె కూతురి కోసం చప్పట్లు కొట్టి పిలిచేది. కూతురొచ్చి మంచం పక్కన కూర్చునేది, ఎప్పట్లాగే ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకుని. ఆ పిల్ల ఎప్పుడు చూసినా అంతే. బాగా చదువుతుందని వడ్రంగి ఊరందరికీ చెప్పుకుంటాడు. తల్లి సిరంజి ఖాళీ చేసి, బొటనవేలు పైకెత్తి చూపించేది. పుస్తకం పైనుంచి రెండు కళ్లు రెప్పార్పకుండా చూసేవి. ఆ చూపులు తనని నిలదీస్తున్నట్టే ఉండేవి వడ్రంగికి.

ఇక ఆ నోటుపుస్తకం. రోజూ పొద్దున్నే అందులో ఏదో రాసేది ఆమె. అతను దగ్గరికొస్తే మూసేసేది. తన తప్పుల చిట్టా రాస్తోందనుకున్నాడు. ఇరవై ఏళ్లవి కదా, ఒక పుస్తకం చాలదు కూడా.

ఆరో రోజు ఆగలేకపోయాడు.

"నేను పెట్టిన పేరు వల్లే కదూ ఇదంతా? తప్పయిపోయింది, క్షమించవే."

ఆమె కాదన్నట్టు తలూపింది. మళ్లీ గట్టిగా ఊపింది. నొప్పికి కళ్లు మూసుకుంది. తనని బాధపెట్టడం ఇష్టంలేక అలా అంటోందనుకుని అతను ఇంకా కుమిలిపోయాడు.

పదో రోజు మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే నోటుపుస్తకం జారి కింద పడింది. పడ్డ చోటే తెరుచుకుంది. తిట్లు చదవడానికి సిద్ధపడి వంగాడు వడ్రంగి.

"మూడో రోజు. వాపు ఎక్కువే కానీ నొప్పి మందులకి తగ్గుతుంది. అద్దం చూసుకోకపోతే సరి."

"అయిదో రోజు. కింది పెదవి మొద్దుబారింది. మెల్లగా సర్దుకుంటుందన్నారు. కంగారు పడక్కర్లేదు."

"తొమ్మిదో రోజు. మీ నాన్నకి సూప్ వడగట్టడం రాదు, రెండుసార్లు వడగట్టమను."

మీ నాన్న?

అతను మొదటి పేజీకి తిప్పాడు.

"తల్లీ, మీ నాన్న సొరుగు అన్నప్పుడల్లా నవ్వింది నేను, తగిలింది నీకు, నా దవడే నీకూ వచ్చింది కాబట్టి, పద్దెనిమిది నిండాక చెయ్యాలని డాక్టరు చెప్పిన నీ ఆపరేషన్‌కి నువ్వు భయపడకుండా, ముందు నేను చేయించుకుంటున్నాను."