ఆకుపచ్చ అంకె

“ఇంకాస్త లోపలికి జరపండి. ఆ పూలకుండీల వెనక్కి,” అన్నాడు ఇంజనీరు.

గాలిలో కాలుష్యం కొలిచే యంత్రాన్ని పనివాళ్ళు పార్కులో, మొక్కలకు నీళ్ళు చిమ్మే గొట్టాల మధ్య దించారు. పదేళ్ళుగా అది బస్టాండు గోడ మీద ఉండేది. బస్సుల పొగంతా నేరుగా దాని మొహానే కొట్టేది. అంకె మూడువందలకు తగ్గేది కాదు. పేపర్లవాళ్ళు రాసినప్పుడల్లా పైఅధికారులు చీవాట్లు పెట్టేవారు. పొగ తగ్గాలంటే పాత బస్సులన్నీ తీసెయ్యాలి. యంత్రాన్ని తీసెయ్యడానికి ఒక నిచ్చెన చాలు.

ఆ తెలివి ఇంజనీరుదే. పేరు మాత్రం మార్చలేదు. కాగితాల్లో అది ఇప్పటికీ బస్టాండు కేంద్రమే. వారం తిరిగేసరికి ఆఫీసు ముందున్న బోర్డు మీద ‘బస్టాండు’ పక్కన ముప్పై ఎనిమిది అనే అంకె ఆకుపచ్చగా వెలిగింది. ఊరంతటికీ అదే మంచి అంకె. చీవాట్లు పెట్టినవాళ్ళే వచ్చి భుజం తట్టి వెళ్ళారు.

బస్టాండు పక్కన బట్టలు కుట్టే ఆవిడ ఆ బోర్డు చూసి నేరుగా ఇంజనీరు గదికే వచ్చింది. వెంట ఏడేళ్ళ కూతురు. మెట్లెక్కినందుకే పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు.

“ముప్పై ఎనిమిది ఎక్కడిది సార్? నా దుకాణంలో తెల్లగుడ్డ మధ్యాహ్నానికల్లా నల్లబడుతోంది.”

“గుడ్డ సంగతి నాకు తెలీదమ్మా. యంత్రం అబద్ధమాడదు.”

“అయితే ఈ పిల్ల ఆడుతోందా?”

“ఇంట్లో దుమ్ముంటుంది, వంట పొగుంటుంది. శుభ్రత మీరు చూసుకోవాలి. అన్నిటికీ ఆఫీసు మీద పడితే ఎలా?”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “మీకు పిల్లలున్నారా సార్?”

“ఉంటే?”

“ఏం లేదులెండి.” పిల్లను చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

“ఏడేళ్ళదాన్ని ఎత్తుకోవడమేంటయ్యా, గారాబం కాకపోతే,” అన్నాడు ఇంజనీరు గుమాస్తాతో. గుమాస్తా నవ్వాల్సిన చోట నవ్వాడు.

ఇంజనీరుకూ ఒక కూతురుంది. దానికీ ఉబ్బసమే. అయితే ఆయన లెక్కలో అది వేరే జబ్బు, పెద్ద డాక్టరు చూసే జబ్బు. గాలి బాగుండే చోటికి ఇల్లు మారమని ఆ డాక్టరు చెప్పి నెలయింది. “ఊరి చివర ఏదైనా చూడు, నాకు తీరిక లేదు,” అని ఆ పనిని భార్య నెత్తిన పడేశాడు. ఆయన తీరికంతా యంత్రాన్ని దాచడానికే సరిపోయింది.

ఆ సాయంత్రం భార్య ఫోన్ చేసింది.

“ఇల్లు దొరికిందండీ. ఏడాదికి ఒప్పందం మీద సంతకం పెట్టేశాను. సామాన్లు కూడా దించేశారు.”

“మంచి పని చేశావు. ఊరి చివరేనా?”

“అక్కడ మీ బోర్డు మీద డెబ్భై ఉందండీ. పిల్లను తీసుకెళ్ళి అందులో పడేస్తామా? అంతకన్నా మంచి చోటే చూశాను. ముందు నాకూ నమ్మబుద్ధి కాలేదు. కానీ పేపర్లో వేసిన ఆ లెక్క కింద మీ సంతకముంది. ఇక అనుమానమెందుకనుకున్నా.”

ఇంజనీరు కుర్చీలోంచి లేచాడు. ఫోనులో పిల్ల దగ్గు వినిపించింది.

“ఎక్కడ తీసుకున్నావు?”

“బస్టాండు ఎదురుగానే.”