గుట్ట మీది వాళ్లు

మూడు రోజులు విడవకుండా కురిసిన వానకు వాగు పొంగి, అడవిలోని బొరియలన్నీ మునిగిపోయాయి. కుందేళ్లు, ముంగిసలు, ఎలుకలు పిల్లలను నోట కరుచుకుని గుట్టెక్కాయి. నీళ్లు గుట్టను కూడా చుట్టుముట్టాయి.

వాళ్లను వీపుల మీద అవతలి ఒడ్డుకు చేర్చడానికి నలభై తాబేళ్లు సిద్ధంగానే ఉన్నాయి. కానీ సింహరాజు ఉత్తర్వు లేనిదే అవి కదలకూడదు. ఉత్తర్వు రావాలంటే కొంగ వెళ్లి విచారణ చేయాలి.

వాళ్లు గుట్టెక్కిన రెండో రోజు కొంగ తీరిగ్గా వచ్చి గుట్ట మీద వాలింది.

"మునిగింది ఎవరు?"

"మేమేనయ్యా," అంది ముసలి కుందేలు. "మా బొరియలన్నీ నీళ్లలో ఉన్నాయి."

"బొరియలు నీళ్లలో ఉన్నాయి సరే, నువ్వు గుట్ట మీద క్షేమంగా ఉన్నావుగా? బొరియలో ఉన్నవాళ్లే వరద బాధితులు. రూలు అది."

"బొరియలో ఉంటే ఈపాటికి చచ్చేవాళ్లం కదయ్యా!"

"చచ్చినవాళ్లకు తాబేలెందుకు?" అని కొంగ విసుక్కుంది.

"పసిపిల్లలున్నారయ్యా. పొద్దుగూకేసరికి ఈ గుట్ట కూడా మిగలదు."

"మిగలనప్పుడు కబురు పెట్టండి, మళ్లీ వచ్చి చూస్తాను."

కొట్టుకొచ్చిన చేపనొకదాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది.

కబురేమీ రాలేదు. అయినా మర్నాడు కొంగ వచ్చి, నీళ్ల మీద మూడుసార్లు చుట్టు తిరిగి, రాజు దగ్గరకు వెళ్లింది.

"గుట్ట మీద ఇప్పుడెవరూ లేరు ప్రభూ. అందరూ ఎవరి బొరియల్లోకి వాళ్లు వెళ్లిపోయారు."