శనివారం తాత

టెక్సాస్ ఎండలో రోడ్డు పక్కన నడిచేవాడు పిచ్చివాడైనా అయి ఉండాలి, కారు చెడిపోయినవాడైనా అయి ఉండాలి.

మారిస్ ఫెల్డర్ ఈ రెండూ కాడు. నల్ల కోటు, నల్ల టోపీ, తెల్ల గడ్డం. ఇర్వింగ్‌లో నిశాంత్ ఉండే అపార్ట్‌మెంట్‌కి పక్క వాటా ఆయనది. శనివారం వస్తే చాలు, నిక్షేపంలాంటి కారు పార్కింగ్‌లో వదిలేసి యూదుల ప్రార్థనా మందిరానికి చెమటలు కక్కుకుంటూ నడుస్తాడు.

"అన్నా, కొంచెం కారు ఆపు. లిఫ్ట్ ఇద్దాం," అన్నాడు వినీత్.

వినీత్ నిశాంత్‌కి పిన్ని కొడుకు. ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

"నీకెందుకురా? శనివారం కారెక్కితే వాళ్ల దేవుడు కళ్లు పోగొడతాడు. అందుకే శనివారం తాత అని పేరు పెట్టా."

అయినా వినీత్ అద్దం దించి అడిగాడు.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఈరోజు కారెక్కను బాబూ. నీ పేరేంటి?"

"వినీత్."

"గుర్తుంచుకుంటాను."

"చూశావా పొగరు," అన్నాడు నిశాంత్ కారు కదిలిస్తూ. "లీజింగ్ ఆఫీస్‌లో చెప్పారు. కొడుకు పోయేదాకా గోల్ఫూ, విస్కీ. పోయాక గడ్డం, టోపీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే."

"పోనీలే అన్నా, పాపం."

"పాపమేంట్రా? వట్టి డ్రామా."

ఈ నిశాంత్ నాస్తికుడేమీ కాదు. వీసా కోసం బాలాజీ గుళ్లో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసిన మహానుభావుడే. పక్కవాడి భక్తి చూస్తేనే ఒళ్లు మంట.

తర్వాతి బుధవారం యూనివర్సిటీ నుంచి వస్తున్న వినీత్ కారును హైవే మీద ఒక ట్రక్కు గుద్దేసింది. పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు.

కాగితాలు పూర్తయి శవాన్ని ఇండియా విమానం ఎక్కించేదాకా, అంత్యక్రియల ఏర్పాట్లు చూసే ఫ్యూనరల్ హోమ్‌లోనే ఉంచాలన్నారు.

వినీత్ తల్లి పద్మ పిన్ని ఇండియా నుంచి ఫోన్‌లో ఒక్కటే అడిగింది.

"మనవాళ్లలో పోయినవాణ్ణి ఒంటరిగా వదలరు నాన్నా. వాడికి చిన్నప్పట్నుంచీ ఒక్కడే పడుకోవాలంటే భయం. నువ్వు పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటా పిన్నీ."

వెళ్లాడు. గుమ్మం దగ్గర లోపలి చల్లగాలి మొహానికి తగిలింది. లోపల అడుగు పెట్టకుండానే వెనక్కి వచ్చి కార్‌లో పడ్డాడు.

ఆ రోజు నుంచీ ఇండియన్ స్టోర్ ముందు కారు ఆపుకుని ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"పక్కనే ఉన్నావా నాన్నా?"

"పక్కనే ఉన్నా పిన్నీ."

స్నేహితులు వాట్సాప్‌లో దండాల బొమ్మలూ ఏడుపు బొమ్మలూ పెట్టి చేతులు దులుపుకున్నారు. ఒక్కడూ అటు తొంగిచూడలేదు. అందరికీ మీటింగులే మరి.

గురువారం సాయంత్రం తలుపు తీస్తే ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఉడికించిన గుడ్ల గిన్నె. లోపలికి వచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఉలకడు, పలకడు.

దుఃఖంలో ఉన్నవాడు నోరు విప్పేదాకా చూడవచ్చినవాడు మాట్లాడకూడదని వాళ్ల ఆచారం. నిశాంత్‌కి ఆ సంగతి తెలియదు. తెలిసినా వెటకారమే చేసేవాడు.

"ఏం కావాలి మీకు?" అన్నాడు చివరికి విసుగ్గా.

"వినీత్ దగ్గర ఎవరున్నారు?"

"ఫ్యూనరల్ హోమ్ వాళ్లున్నారు. ఇంకెవరు కావాలి?"

ముసలాయన కాసేపు అతని మొహంలోకి చూశాడు. "అదెక్కడుంది?"

నిశాంత్ ఆ పేరు చెప్పి ఆయన్ని సాగనంపాడు.

"మైలలో గుడ్లు తెచ్చాడు, బుద్ధిలేనివాడు," అని గిన్నెతో సహా చెత్తబుట్టలో పడేశాడు. తమ యూదులు చావింటికి మొదట తీసుకెళ్లేది ఆ గుడ్లేనని చెప్పే అవకాశం ఆయనకెక్కడిచ్చాడు?

శనివారం రోడ్డు మీద ముసలాయన కనిపించలేదు. భక్తి అప్పుడే దిగిపోయినట్టుందని నిశాంత్ నవ్వుకున్నాడు కూడా.

సోమవారం పొద్దున వినీత్‌ని విమానానికి తరలిస్తారు. ఆఖరిసారి వీడియోలో కొడుకును చూపించమంది పిన్ని. ఇక తప్పదు కాబట్టి ఆవిడకి వీడియో కాల్ కలిపి లోపలికి వెళ్లాడు.

ముందుగదిలో డెనీస్ అనే ఉద్యోగిని ఎదురొచ్చింది.

"పెట్టె మూసి సీలు వేసేశాం. మీరెవరు?"

"వాళ్లన్నయ్యని."

ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. "మొదటిరోజు గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయింది మీరే కదూ?"

నిశాంత్ తల దించుకున్నాడు.

"ఆ పెద్దాయన మాత్రం కదల్లేదు. పక్కింటివాణ్ణన్నాడు. కుర్చీ వేసుకుని రాత్రీ పగలూ ఆ అబ్బాయి పక్కనే కీర్తనలు చదువుతూ కూర్చున్నాడు. శనివారం కారెక్కకూడదని, ఆ నియమం ముందురోజు సాయంత్రం నుంచేనని, శుక్రవారం పొద్దుగూకకముందే రొట్టె తెచ్చుకుని ఇక్కడే ఉండిపోయాడు."

ఫోన్‌లో పిన్నికి ఆ ఇంగ్లిష్ అర్థం కాలేదు. "ఏమంటోంది నాన్నా ఆవిడ?"

"పెట్టె మూసేశారట పిన్నీ."



"పోనీలే. నువ్వు పక్కనున్నావుగా. ఆ ఒక్క ధైర్యంతోనే ఇన్ని రోజులు ప్రాణం నిలబెట్టుకున్నాను."

నిశాంత్ ఫోన్ కట్ చేశాడు.

"ఒక్క నిమిషం తీస్తారా? నేను పక్కన కూర్చుంటాను."

"కుదరదు. బండి వచ్చేసింది."

"ఆయనేరీ?"

"ఇప్పుడే వెళ్లాడు. మీరొస్తే ఒక్క మాట కూడా అనొద్దని నాకు మరీ మరీ చెప్పాడు."

"ఎందుకు?"

"తన కొడుకు పోయినప్పుడు ఆయన కూడా మీలాగే గుమ్మం దాకా వచ్చి పారిపోయాడట," అంది డెనీస్, "అప్పుడు ఆ బిడ్డ పక్కన కూర్చున్నది ముక్కూ మొహం తెలియని ఎవరో టోపీ ఆయనట."