ఖాళీ జాగా

"వెర్నర్ సిద్ధాంతం వద్దండీ. అది పాఠం మొదట్లోది. మీరు నికెల్ సంక్లిష్టాల దగ్గర్నుంచి ఎత్తుకోండి," అన్నారు ప్రిన్సిపాల్ కోదండరామయ్య గారు, సదాశివను క్లాసు గుమ్మంలోనే ఆపి.

నిన్నంతా అద్దం ముందు నిలబడి అతను వల్లెవేసింది వెర్నరునే. కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు అంటే ఎవరైనా పాఠం మొదటి నుంచే చెప్పిస్తారు. నడిమధ్య నుంచి చెప్పమన్నవాళ్లను అతను చూడలేదు. మనిషిలో సరుకుందో లేదో తేల్చుకోవడానికే ఈ మెలిక పెట్టారనుకున్నాడు. పెట్టనీ, మనమూ చూపిద్దాం అనుకుని లోపలికి నడిచాడు.

పాత కాలేజీకి తాళం పడ్డాక అతనికొచ్చిన మొదటి పిలుపు ఇది. ఇదీ పోతే ఉస్మాన్‌గంజ్‌లో బామ్మర్ది శ్యామ్‌సుందర్ ఎండుమిర్చి దుకాణంలో కాంటా దగ్గర నిలబడాలి. వస్తావో రావో మధ్యాహ్నంలోగా తేల్చమని బామ్మర్ది పొద్దున్నే ఫోన్ చేశాడు. అన్నం పెట్టే పని ఏదైతేనేం అంటుంది భార్య అహల్య. నిజమే. కానీ ఇన్నేళ్లు సుద్దముక్క పట్టిన చేతికి తూకం రాళ్లు పట్టడమంటే నామోషీగా ఉంది. ఆ ముక్క ఇంట్లో అనలేడు.

ఈ కాలేజీ ఆబిడ్స్‌లో చెప్పుల షాపు మీద మూడో అంతస్తు. గాలి రావడానికి జంకే గది. పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో సర్దుకున్నారు. సదాశివ బోర్డు మీద ఐదు గళ్లు గీశాడు.

"ఇవి నికెల్ అయాన్ల ఉన్న డీ గదులు. మన నాంపల్లి స్టేషన్ల బెంచీలనుకోండి. ఒక్కో బెంచి మీద ఇద్దరు పడతరు. ఎలక్ట్రాన్లు ఎనిమిది. మూడు బెంచీలు నిండినయి. మిగిలిన ఇద్దరు చెరో బెంచి పట్టి కాళ్లు చాపి పండుకున్నరు. గిప్పుడు క్లోరైడ్ వచ్చింది. అది మెత్తది. జర జరగండి అననీకె దానికి ధైర్యం లేదు. డీ బెంచీల జోలికి పోకుండ ఒక ఎస్, మూడు పీ చూసుకున్నది. ఎస్పీ త్రీ. చతుర్ముఖి."

పిల్లలు కలాలు పక్కన పెట్టి చూస్తున్నారు.

"అదే సయనైడ్ వచ్చిందనుకోండి. అది లాఠీ పట్టుకొనే వస్తది. పండుకున్నోళ్లను లేపి ఇద్దరిని ఒక్క బెంచి మీద కూసోపెడతది. ఒక డీ బెంచి ఖాళీ. దానికి ఒక ఎస్, రెండు పీ కలిపితే ఏమైతది?"

"డీఎస్పీ టూ," అంది క్లాసంతా.

"లాఠీ పట్టుకొని వచ్చినాయన డీఎస్పీ కాక ఏమైతడు?"

గది నవ్వుతో నిండిపోయింది. సంకరీకరణం అంటే నిద్రపోయే పిల్లలు సమతల చతురస్రం బొమ్మ తామే గీసేశారు. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగల్లేదు గనక అయస్కాంతం పిలిచినా ఇది పోదని కూడా వాళ్లే చెప్పారు. ముందు బెంచీలోని అక్షిత అనే అమ్మాయి లేచి, బంధంలో రెండు ఎలక్ట్రాన్లూ సయనైడే ఇస్తే మరి నికెల్ ఏమిస్తుందని అడిగింది.

"ఖాళీ జాగా ఇస్తది."

"గంతేనా సార్?"

"గంతే. గా జాగా చూసే అందరు ఉరికొస్తరు."

మామూలుగా డెమో అంటే పావుగంటలో చాలంటారు. నచ్చనివాణ్ని అంతకన్నా ముందే లేపేస్తారు. ఇక్కడ గంట కొట్టినా కోదండరామయ్య గారు లేవలేదు. పైగా కోబాల్ట్ సంక్లిష్టాలు కూడా కానిచ్చేయండి అని, నడుమ విరామంలో తన గదిలోంచి చాయ్ పంపించారు. చాయ్ కూడా పంపారంటే ఇంకేం కావాలి! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సదాశివ అప్పుడే స్టాఫ్ రూములో తన కుర్చీ ఏ పక్కన వేయించుకోవాలో ఆలోచించుకున్నాడు. చాయ్ కప్పుతో మెట్ల మీదికొచ్చి ఉస్మాన్‌గంజ్‌కు ఫోన్ కలిపాడు.

"వేరేటోన్ని పెట్టుకో శ్యామ్. నాకు గీడ ఖాయమైనట్టే."

"మంచిది బావా. ఒకాయన పొద్దట్నుంచి కూసున్నడు. మీ కోసమే ఆపిన. ఆయనకు చెప్పేస్త ఇగ."

రెండో గంట కూడా సదాశివ పూనకం వచ్చినవాడిలా చెప్పాడు. గొంతు బొంగురుపోయింది. ప్రిన్సిపాల్ గారు లేచి వచ్చి చేయి కలిపి, ఇంత బాగా చెప్పేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అన్నారు. ఆ మాటతో సదాశివ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. మేం కబురు చేస్తామండీ అని ఆయన వెళ్లిపోయారు.

సదాశివ బోర్డు తుడిచి, సంచీ భుజానికి తగిలించుకుని పిల్లలవైపు తిరిగాడు.

"రేపు స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం. ఇంట్ల ఒకసారి చూసుకొని రండి."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్షిత లేచి నిలబడింది.

"గా పాఠం రేపొచ్చే డెమో సార్ చెప్తడు సార్. కాలేజీ తెరిచినప్పటిసంది మాకు కెమిస్ట్రీ అంత డెమో సార్లే చెప్తున్నరు."