ఇరవైనాలుగు కార్డులు

"ఈ గుడిసె నీదేనని రుజువేముందయ్యా?"

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చేతికర్రతో చూరును పొడిచాడు. నాలుగు బోదగడ్డి పరకలు రాలాయి. మదనపల్లె అవతల, వంక గట్టు పోరంబోకులో వరసగా నలభై గుడిసెలు. పీకేసేవి ఏవో, పట్టా ఇచ్చేవి ఏవో ఆ పూటే తేలాలి.

ఖాదర్ వలి జంకలేదు. రెండేళ్లుగా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. కళాయి సామాన్ల సంచిలోంచి పోస్టుకార్డుల కట్ట తీశాడు.

"సూడండి సార్. నెలకొకటి, ఇరవైనాలుగు. అన్నిటికీ పోస్టాఫీసు సీలుండాది. మేము ఈడ లేకుంటే ఈడికి జాబులెట్లొస్తాయి?"

"ఎవరు రాసినవి?"

"నాకు నేనే సార్."

లోపల్నుంచి అతని భార్య లాల్ బీ అందుకుంది. "నెలనెలా తాను బాగుండాడా అని తన్నే అడుక్కుంటాడు సార్. పెండ్లయి పన్నెండేండ్లు, నాకొక ముక్క రాయలా."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు.

ఈ ఉపాయం చెప్పింది పక్క గుడిసె రెడ్డెప్ప. బైరెడ్డిపల్లె నుంచి వచ్చినవాడు, ఐదో తరగతి చదివినవాడు. ఖాదర్ వలికి వేలిముద్రే గతి కాబట్టి కార్డులు రాసిందీ అతనే. కూలి వద్దన్నాడు. ఇంట్లో గిన్నెలన్నింటికీ ఊరికే కళాయి పోయించుకున్నాడు. పోస్టుమాను పేరు పిలిచి కార్డు చేతికిచ్చి పోతే, ఖాదర్ వలి సీలు ఒక్కటి చూసుకుని దాచేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు రాసేవాడు మోసం చేయడని చదువురానివాళ్ల నమ్మకం.

ఇన్‌స్పెక్టరు కార్డు తిప్పి చిరునామా చదివాడు.

"రెడ్డెప్ప గారి రెండో గుడిసెలో బాడుగకుండే ఖాదర్ వలికి."

ఇంకో కార్డు. అదే. ఇంకోటి. అదే.

ఖాదర్ వలి కట్ట అడుగున ఉన్నది కూడా తీసిచ్చాడు, అదైనా వేరుగా ఉంటుందేమోనని. అదీ అంతే.

"యాల రాసినావన్నా ఇట్ల?" ఖాదర్ వలి రెడ్డెప్ప వైపు తిరిగాడు.

రెడ్డెప్ప ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ఉండే మాటే రాసినా సార్. పేదోడు గదా అని ఉండనిచ్చినా."

"నీ చెయ్యి పడిపోనూ! మేం కళాయి పోసిన గిన్నెల్లో తింటా, ఇదేనా రాసింది?" లాల్ బీ బయటికొచ్చేసింది.

"ఉండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అయితే రెడ్డెప్పా, ఈ గుడిసె నీది. మరి ఆ పక్కది?"

"అదీ నాదే సార్. రెండూ ఈ చేతుల్తో ఏసినవే."

"ఆ మాటే రాసి సంతకం పెట్టు."

రెడ్డెప్ప అదే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. సంతకం కింద గీత కూడా లాగాడు. ఖాదర్ వలి లోపలికి పోయి కొలిమితిత్తి సర్దుకోసాగాడు.

ఇన్‌స్పెక్టరు సిరా డబ్బీ మూత తీశాడు.

"యాడికి పోతావయ్యా, ఇటు రా. రెండు గుడిసెలు ఏసినోడికి రెండూ పోతాయి, బాడుగకుండేవాళ్లకు ఉన్నచోటే పట్టా. మొన్ననే ఆర్డరొచ్చింది. ఏదీ, వేలిముద్ర వెయ్యి."