ఏడో నంబరు కొక్కెం

"బోర్డు మీద లేదు సార్," అంది వదిన మూడోసారి.

విమానాలు బాగుచేసే ఆ హ్యాంగర్‌లో అందరికీ ఆమె వదినే. అక్కడి టూల్‌రూమ్‌లో ఇరవై ఆరేళ్ళుగా పనిముట్లు ఇచ్చి, తిరిగి లెక్కపెట్టి తీసుకునే పని ఆమెది. గోడంత బోర్డు మీద ప్రతి పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. దాని మీద ఒక కొక్కెం. పనిముట్టు తీసుకెళ్ళేవాడు ఆ కొక్కేనికి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలించి వెళ్ళాలి. ఇవాళ ఏడో నంబరు కొక్కేనికి స్పానరూ లేదు, బిళ్ళా లేదు.

"అయిదింటికి విమానం లేవాలి. నూట ఎనభై మంది ఎక్కడానికి కూర్చుని ఉన్నారు," అన్నాడు మేనేజరు. "పోయినవారమే విరిగిపోయిందని రాసి సంతకం పెట్టండి. గొడవ వదిలిపోతుంది."

"విరగలేదు కదా సార్."

"మీ రిటైర్మెంటు ఇంకెన్నాళ్ళు?"

"నాలుగు నెలలు."

"ఇన్నేళ్ళలో ఒక్క మేకు కూడా పోలేదని మీకు పేరు. చేజేతులా ఎందుకు చెడగొట్టుకుంటారు? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారీనా?"

ఆమె పుస్తకం తెరిచి, ఏడో నంబరు స్పానర్ బోర్డు మీద లేదని రాసి సంతకం పెట్టింది. ఆ మంచిపేరు తప్ప ఇన్నేళ్ళలో ఆమె సంపాదించుకున్నది పెద్దగా ఏమీ లేదు.

ఇక ఆ విమానాన్ని ఎవరూ కదపలేరు. ఎప్పుడో ఎక్కడో ఎవరో ఒక విమానం రెక్కలో పటకారు మరిచిపోయారట. విమానం గాల్లో ఉండగా అది ఇరుక్కోకూడని చోట ఇరుక్కుంది. ఆ తర్వాత వచ్చిన రూలు ఇది. పనిముట్టు కనిపించకపోతే, అది పట్టే చోటల్లా విప్పి చూడాల్సిందే. విమానాల రూలు పుస్తకమంతా అంతే, చచ్చినవాళ్ళు రాయించిన పుస్తకం. ఏడో నంబరు స్పానర్ తోక దగ్గరి మూతలకు తప్ప ఇంకెక్కడా పట్టదు.

మేనేజరు పక్కనే ఉన్న మెకానిక్ మీద పడ్డాడు. "ఇది నీ పనే. తోక విప్పాలని పొద్దున గొడవ చేసింది నువ్వేగా."

పొద్దున ఈ టూల్‌రూమ్ కిటికీ ముందే జరిగింది ఆ గొడవ. తోక కదిలిస్తే లోపల ఏదో కిర్రుమంటోందనీ, విప్పి చూడటానికి రెండు గంటలు చాలనీ మెకానిక్ బతిమాలాడు. "అనుమానాలకు విమానాలు ఆపితే మనం దుకాణం మూసుకోవాలి. వచ్చేవారం చూద్దాం," అని మేనేజరు కొట్టిపారేశాడు.

"నేను తీయలేదు సార్. కావాలంటే వెతుక్కోండి," అన్నాడు మెకానిక్ విసుగ్గా.

వెతికారు. జేబులు, సంచీ, బీరువా, ఏదీ వదల్లేదు. షిఫ్టు దిగి పోయేవాళ్ళ అన్నం డబ్బాలు తెరిచి చూసే పని కూడా వదినదే కాబట్టి అతని డబ్బా ఆమే తెరిచింది. కడిగిన డబ్బాలో నాలుగు నీటిచుక్కలు ఉన్నాయి.

"ఏమీ లేదు సార్," అంది.

మేనేజరు గడియారం చూసుకుని, "విప్పండి, తగలెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

మెకానిక్ నిచ్చెన అందుకుంటూ ఆగాడు. "మీరు పొద్దుట్నుంచీ డబ్బా ముట్టలేదు. కాస్త తినండి వదినా."

"ఆకలి లేదురా. నువ్వెళ్ళు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా గోడకు రెండు ఫొటోలు. ఒకటి ఈ మైదానంలో మొట్టమొదటి విమానం దిగిన రోజుది. జనం చెప్పులు వదిలేసి మరీ పరుగెత్తుకొస్తున్నారు. రెండోది ఒక కొండ, దాని మీద విమానం కూలి కాలిన మచ్చ. ఆ విమానం బయల్దేరే ముందు అనుమానపడ్డ మనిషి ఆమె భర్త. ఇప్పటి మెకానిక్‌కు పని నేర్పింది ఆయనే. అప్పటి మేనేజరు కూడా వచ్చేవారం చూద్దామనే అన్నాడు. నలభై ఒక్కమంది పోయారు. ఆయన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆయన మళ్ళీ స్పానర్ పట్టలేదు. అన్నం ముందు కూర్చుని, కలిపి, వదిలేసి లేచేవాడు. అలా రెండేళ్ళు బతికి కన్నుమూశాడు. పటకారు పోతే విమానం ఆపాలని రూలు వచ్చింది గానీ, మనిషికి అనుమానం వస్తే ఆపాలని రూలు రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

నాలుగున్నరకు మెకానిక్ వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. చేతులనిండా గ్రీజు.

"స్పానర్ లేదు వదినా."

"మరి?"

"పగులుంది. లోపలి కమ్మీకి జానెడు పగులు. లేచి ఉంటే తోక ఊడిపోయేది." అతను తలెత్తి ఆమెను చూశాడు. "మీ పొరపాటు నూట ఎనభై మందిని బతికించింది."

"పోనీలేరా," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది.

మేనేజరు కూడా వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. పగులు సంగతి ఎత్తలేదు.

"స్పానర్ మాత్రం దొరకలేదమ్మా. మనిషిగా నాకూ బాధగానే ఉంది. కానీ రూలు రూలే. రేపట్నుంచి టూల్‌రూమ్‌కి వేరే మనిషి వస్తారు."

"అలాగే సార్." ఆమె తాళాలగుత్తి బల్ల మీద పెట్టింది.

గేటు దాకా మెకానిక్ వెంట వచ్చాడు. "ఆ డబ్బా ఇటివ్వండి, బస్టాపు దాకా నేను తెస్తాను."

"వద్దులే. నేను మోసుకోగలను."

అతను తల వంచుకుని వెనక్కి వెళ్ళాడు. బస్టాపులో ఎవరూ లేరు. బల్ల మీద కూలబడ్డాక గానీ ఎంత అలిసిపోయిందో ఆమెకు తెలియలేదు. కాళ్ళు లాగుతున్నాయి. చాలా ఏళ్ళ తర్వాత నిజంగా ఆకలి వేసింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది.

అన్నం కింద ఏడో నంబరు స్పానర్ ఉంది.