చెప్పుల కొట్టు సారు

బస్సులోంచి ఒక్కడే దిగాడు. ఒక్కడే దిగుతాడని పిచ్చుకకి ముందే తెలుసు. ఆ ఎండు కొండల్లో సీజను ఇంకా మొదలే కాలేదు. పైన మంచు కరగలేదు, కింద గడ్డి మొలవలేదు. ఈ రోజుల్లో పనిగట్టుకుని ఇక్కడ దిగేది పరీక్షాధికారి తప్ప ఇంకెవరు?

పిచ్చుక అంటే పక్షి కాదు. లాడ్జి నడిపే బాబాయి దగ్గర పెరిగిన పిల్ల. చిన్నప్పటినుంచీ కొండలెక్కడమే పని కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. గైడు లైసెన్సు కోసం పరీక్షకి నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి కనుమ దాకా తీసుకెళ్ళకుండా దారిలోంచే వెనక్కి తిప్పిందని ఫెయిలు చేశారు. ఈసారీ తప్పితే బాబాయి లాడ్జిలో దుప్పట్లు మడతపెట్టుకుంటూ బతకాలి. బాబాయి మంచివాడే. దుప్పట్లే బోలెడు.

"మామూలు యాత్రికుడిలా వస్తారట," అని బాబాయి ముందురోజే చెవిన వేశాడు. "కావాలని తప్పులు చేస్తారట. నువ్వు సరిదిద్దాలి. గుర్తుపట్టినట్టు మాత్రం ఎక్కడా బయటపడకు. పడ్డావా, పరీక్ష అక్కడితో సరి."

దిగినాయన బొద్దుగా ఉన్నాడు. వీపున కొత్త సంచి. దానికి కొట్టువాడు కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది.

"రండి సార్, మీకోసమే చూస్తున్నా," అంది పిచ్చుక.

"నాకోసమా?" ఆయన మొహం వెలిగిపోయింది. "ఇక్కడ ఇంత మర్యాద చేస్తారని ఎవరూ చెప్పలేదమ్మా."

ఎంత సహజంగా అన్నాడో అనుకుంది పిచ్చుక.

దారి పొడుగునా అడక్కుండానే తన సంగతులన్నీ చెప్పుకొచ్చాడు. ఆయనది చెప్పుల కొట్టట. డాక్టరు నడవమన్నాడట. కనుమ అవతలి సరస్సుని క్యాలెండరు మీద చూసి మనసు పారేసుకుని, భార్య ఎంత వద్దన్నా వినకుండా బయల్దేరాడట. ఆ మాట పూర్తయ్యేలోపే కొత్త బూట్లు కరిచి కుంటడం మొదలెట్టాడు. చెప్పులమ్మే మనిషి కాళ్ళకి బొబ్బలు. కథ అల్లితే ఇలా అల్లాలి అని పిచ్చుక ముచ్చటపడిపోయి, మడమలకి పట్టీలు వేసింది.

అక్కణ్ణుంచి తప్పులకి లోటు లేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో హాయిగా మొహం కడుక్కున్నాడు. ఆ పొడి కొండల్లో ఊట ఎక్కడుందో పిచ్చుకకి తెలుసు కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఎండిన వాగులో ఇసుక చూసి, "పరుపులా ఉందమ్మా, టెంటు ఇక్కడే," అని సంచి దించేశాడు.

"గట్టు మీద వేసుకుందాం సార్. పగలు ఎండకి కరిగిన మంచు పొద్దువాలాక ఇటే వస్తుంది."

"ఎండిన వాగులోకి నీళ్ళేంటి, నీ చాదస్తం కాకపోతే."

గొణుక్కుంటూనే గట్టెక్కాడు. టీ కాగేలోపు వాగు నిండా నీళ్ళు పారాయి. సారు సంచిని ఇంకాస్త పైకి జరుపుకున్నాడు.

"చోటు భలే ఎంచారు సార్," అంది పిచ్చుక మెచ్చుకోలుగా.

చీకటిపడ్డాక చలికి ఆగలేక స్టవ్వు టెంటులోకి పట్టుకెళ్ళి, అన్ని వైపులా మూసి, వెలిగించబోయాడు. పిచ్చుక చటుక్కున లాక్కుంది. మూసిన టెంటులో మంట పెడితే తెల్లారి లేచేవాళ్ళు ఉండరని చెప్పి, తన రగ్గు కూడా ఆయనకే కప్పింది. పరీక్ష బాగా సాగుతోందని ఆమెకి నిద్ర కూడా హాయిగా పట్టింది.

మర్నాడు మంచువాలు మీద ఆయన కాలు జారింది. "అమ్మో" అంటూ జర్రున పోతుంటే, పిచ్చుక చేతికర్ర మంచులో దిగేసి సంచి పట్టీ దొరకబుచ్చుకుంది. ఆయన కిందకి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పడటమంటే అలా పడాలి సార్," అంటూ ఆయన్ని పైకి లాగి నిలబెట్టి చప్పట్లు కొట్టింది.

ఆయన ఆమె వంక అదోలా చూశాడు.

కనుమ ఎదురుగా కనిపిస్తోంది. కానీ ఎండెక్కి మంచు మెత్తబడింది. అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతోంది. కింద ఎక్కడో బోలుగా చప్పుడు. పిచ్చుక ఆగిపోయింది.

"ఇంకాస్తేగా, పద," అన్నాడు సారు. "సరస్సు చూడకుండా వెళ్తే మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

పోయినసారి తప్పిందీ ఇక్కడే. లాడ్జి దుప్పట్లన్నీ ఆమె కళ్ళముందు కదిలాయి. ఏడుపొచ్చింది. కానీ సారు నటిస్తున్నా, మంచు నటించడం లేదు.

"వెనక్కి వెళ్దాం సార్. మీరేమనుకున్నా సరే."

ఆయన అలిగాడు. ఆ అలక లోయలోకి దిగేదాకా సాగింది. అప్పుడు వెనక ఉరిమినట్టయింది. ఇందాక వాళ్ళు నిలబడ్డ చోటినుంచి మంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి కిందికి దొర్లుతోంది. ఆ తర్వాత సారు లాడ్జి దాకా పిచ్చుక అడుగులో అడుగు వేసి నడిచాడు.

లాడ్జి వరండాలో, అరిగిన బూట్లతో ఒక పెద్దావిడ టీ తాగుతోంది. సారు కుర్చీలో కూలబడి బాబాయి చేతులు పట్టుకున్నాడు.

"మీ అమ్మాయే లేకపోతే నేను నీళ్ళలో ఒకసారి, పొగలో ఒకసారి, మంచులో రెండుసార్లు పోవాల్సినవాణ్ణండీ."

పెద్దావిడ టీ తాగడం మాని అంతా వింది. పిచ్చుక ఇక ఆగలేకపోయింది. బయటపడితే పడింది.

"చెప్పండి సార్. నేను పాసయ్యానా?"

"దేంట్లోనమ్మా?" అన్నాడు సారు.

చివరిదాకా దొరకడు, ఘటికుడు అనుకుంది పిచ్చుక.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టి నవ్వింది. "ఆ మాట అడగాల్సింది నన్నమ్మా, నిన్నటి బస్సు తప్పిపోయి ఇవాళ దిగాను."